ముందు ఫ్లోట్, ఆ తర్వాతే విమానం: ఇంటి ప్రింటర్‌తో పెద్ద ఫ్లోట్‌ప్లేన్ మోడల్ కట్టడంలో లెక్కలు

ఫ్లోట్‌ప్లేన్ అంటే చక్రాల బదులు పడవల్లాంటి రెండు బోలు ఫ్లోట్ల మీద నీళ్లపై నిలిచే విమానం. దాని మోడల్‌ను సొంతంగా గీసుకుని కట్టేవాళ్లలో చాలామంది ఫ్యూజ్‌లాజ్‌తో, అంటే విమానం మొండెంతో మొదలుపెడతారు. బల్ల మీద పెట్టగానే విమానంలా కనిపించేది అదే మరి. ఫ్లోట్లు చివర్లో, మిగిలిన ఓపికతో తయారవుతాయి. ఈ వరుస తలకిందులుగా ఉంది. నీళ్ల మీంచి లేచే విమానానికి ఫ్లోటే పునాది. ఎంత బరువు మోయాలి, మోటార్ ఎంత శక్తి ఇవ్వాలి, గరిమనాభి ఎక్కడ ఉండాలి అనే మూడింటినీ ఫ్లోట్ తేలుస్తుంది. పైగా ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉంటే ఇంకో ఆశ పుడుతుంది: అన్నీ ప్రింట్ చేసేస్తే పోలా అని. చేయొచ్చు, కానీ అది లేస్తుందన్న భరోసా లేదు. ప్రింటర్ ఎంత వంపు తిరిగిన ఆకారాన్నైనా ఇస్తుంది గానీ బరువు తగ్గించదు, అడ్డదిడ్డంగా వాడితే పెంచుతుంది కూడా.

లెక్కలకు ఒక ఉదాహరణ ఉంటే నయం. డీ హావిలాండ్ కెనడా వారి డీహెచ్‌సీ-2 బీవర్ 1947 ఆగస్టు 16న తొలిసారి ఎగిరింది. 1967లో తయారీ ఆగేసరికి 1,657 విమానాలు బయటికొచ్చాయి. మోడల్ కట్టేవాళ్లకు ఇందులో నచ్చేవి రెండు: మొదలు నుంచి చివరి దాకా ఒకే వెడల్పున్న రెక్క, దాదాపు చదునైన పక్కలున్న ఫ్యూజ్‌లాజ్. అసలు విమానం రెక్కల విస్తారం 14.63 మీటర్లు, పొడవు 9.22 మీటర్లు, రెక్క వైశాల్యం 23.2 చదరపు మీటర్లు. అయిదో వంతు స్కేలులో ఇవి 2.93 మీటర్లు, 1.84 మీటర్లు, 0.93 చదరపు మీటర్లు అవుతాయి. రెక్క ముందంచు నుంచి వెనుకంచుకు 317 మిల్లీమీటర్లు.

బరువు మాత్రం అయిదో వంతు కాదు, ఘనంలో తగ్గుతుంది. ఫ్లోట్లతో అసలు విమానం గరిష్ఠ బరువు 5,090 పౌండ్లు, అంటే సుమారు 2,309 కిలోలు. దాన్ని 125తో భాగిస్తే 18.5 కిలోలు. ఆ బరువుతో కట్టినా ఎగురుతుంది, కానీ ఫ్లాప్‌లు (రెక్క వెనుకంచున కిందికి దించే పలకలు) దించకపోతే వేగం గంటకు 54 కిలోమీటర్లకు తగ్గగానే రెక్క గాలి మీద పట్టు వదిలేస్తుంది. 10.7 కిలోలకు కట్టగలిగితే ఆ వేగం 41కి దిగుతుంది. నీళ్ల మీద ఈ 13 కిలోమీటర్ల తేడా చాలా పెద్దది. లేచే వేగం పెరిగేకొద్దీ నీటి మీద పరుగు సాగుతుంది, పరుగు సాగినకొద్దీ ప్రతి అల ఒక దెబ్బ.

10.7 అన్నది గాల్లోంచి ఊడిపడిన అంకె కాదు. ఫ్యూజ్‌లాజ్ 2 కిలోలు, రెక్క 2, తోక 400 గ్రాములు, సపోర్టు కమ్ములతో కలిపి రెండు ఫ్లోట్లు 1.9 కిలోలు. మోటార్, స్పీడ్ కంట్రోలర్, ప్రొపెల్లర్ కలిసి 1.1, బ్యాటరీలు 1.7, సర్వోలు (కదిలే పలకలను తిప్పే చిన్న మోటార్లు) వైర్లు రిసీవర్ 600 గ్రాములు, ఇంజిన్ కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగు), లోపలి ఉత్తుత్తి ఇంజిన్ 500, రంగు, పై పొర మరో 500. ఈ పద్దు కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలి. ప్రతి భాగం పూర్తయ్యాక తూకం వేసి పక్కన అసలు అంకె రాయాలి. మొదటి మూడు భాగాలు పద్దు దాటితే నాలుగోది తక్కువలో తేలడం ఎక్కడా జరగదు.

పొర బరువు దగ్గరే అసలు కిటుకు

ఇంటి ప్రింటర్లలో వాడే మామూలు ప్లాస్టిక్ పీఎల్‌ఏ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.24 గ్రాములు. పెట్‌జీ, ఏఎస్‌ఏ అనే మరో రెండు ప్లాస్టిక్‌లవి 1.27, 1.07 ప్రాంతం. మంచి బాల్సా చెక్క 0.12 నుంచి 0.16. ఈ అంకెలు పక్కపక్కన పెడితే ప్లాస్టిక్ ఓడిపోయినట్టే కనిపిస్తుంది. అయితే సాంద్రత కన్నా చదరపు మీటరు పొర ఎంత తూగుతుందో చూడడం న్యాయం. 0.45 మిల్లీమీటర్ల ఒంటి గోడ పీఎల్‌ఏ పొర చదరపు మీటరుకు 560 గ్రాములు. ఒకటిన్నర మిల్లీమీటర్ల బాల్సా 210 గ్రాములు. నోజిల్‌లోనే (ప్లాస్టిక్ కరిగి కారే మొనలోనే) పొంగే తేలిక పీఎల్‌ఏను 0.8 మిల్లీమీటర్ల మందానికి పొంగిస్తే 440 చుట్టుపక్కల. వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ ఫిల్మ్ 60, 70 గ్రాములే.

అందుకే మూడు మీటర్ల రెక్కను పూర్తిగా ప్రింట్ చేయడం తెలివైన పని కాదు. రెండు వైపులా కలిపి దాదాపు 1.9 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. ఒంటి గోడ పీఎల్‌ఏ అయితే పై చర్మానికే కిలో దాటుతుంది, లోపలి పక్కటెముకలు అదనం. అదే రెక్కను కార్బన్ గొట్టం, బాల్సా పక్కటెముకలు, ముందంచున పలచని బాల్సా పలక, మిగతా భాగంలో ఫిల్మ్‌తో కడితే మొత్తం రెండు కిలోల లోపు సర్దుకోవచ్చు.

బలం విషయంలో కూడా ఇదే తీర్పు. గాల్లో ఆరు రెట్ల బరువు పడుతుందని అనుకుంటే ఒక్కో రెక్కపై 32 కిలోల భారం. అది మొదలు నుంచి 0.65 మీటర్ల దూరంలో పనిచేస్తే వంచే బలం 200 న్యూటన్ మీటర్ల దాకా వెళ్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడున్న 25 మిల్లీమీటర్ల కార్బన్ గొట్టంలో అది సుమారు 330 మెగాపాస్కళ్ల ఒత్తిడి. మంచి గొట్టం భరిస్తుంది, కానీ పెద్దగా మిగులేమీ ఉండదు. బీవర్ రెక్క కింద ఉండే ఏటవాలు ఊత కమ్మిని, అంటే స్ట్రట్‌ను అలంకారంగా వదిలేయకుండా నిజంగా భారం మోసేలా కట్టడానికి కారణం ఇదే. పీఎల్‌ఏ తెగే బలం పొర దిశలో 50 మెగాపాస్కళ్ల ప్రాంతం, పొరకూ పొరకూ మధ్య చాలాసార్లు అందులో సగమే. ఈ రెండు అంకెలు చూశాక ప్రధాన భారం మోసే చోట ప్లాస్టిక్ పెట్టే ఆలోచన రాకూడదు.

మరి ప్రింటర్ ఎక్కడ పనికొస్తుంది? రెండు వైపులా వంపు తిరిగే ప్రతి చోటా. కౌలింగ్, రెక్క కొసలు, రెక్క ఫ్యూజ్‌లాజ్ కలిసే మూలల వంపులు, కిటికీ చట్రాలు, స్ట్రట్ల మీది తొడుగులు, సర్వో గూళ్లు, నీటి చుక్కాని. బీవర్‌లో ఉండే ప్రాట్ అండ్ విట్నీ ఆర్-985 తొమ్మిది సిలిండర్ల రేడియల్ ఇంజిన్. ఒక సిలిండర్ గీసి తొమ్మిదిసార్లు ప్రింట్ చేస్తే చాలు. సిలిండర్ చుట్టూ ఉండే ఆ చల్లబరిచే రెక్కలను చెక్కతో చెక్కినవాళ్లకు దాని విలువ తెలుసు.

అయితే ప్రింటర్ చేసే అన్నిటికన్నా గొప్ప సాయం విమానంలో కనిపించదు. అది జిగ్‌లు. పక్కటెముకలను సరైన దూరంలో, సరైన కోణంలో నిలబెట్టే గాళ్లు, గొట్టానికి లంబంగా రంధ్రం వేసే గైడ్లు, ఫ్లోట్‌ను రెక్కకు రెండున్నర డిగ్రీల తేడాతో పట్టుకునే ఊయలలు. ఇవి విమానం బరువుకు ఒక్క గ్రాము కూడా చేర్చవు, పని అయ్యాక చెత్తబుట్టలోకి పోతాయి. కొలత మాత్రం మిల్లీమీటరులో అయిదో వంతు లోపు నిలబడుతుంది. మొత్తం ఫిలమెంట్‌లో, అంటే ప్రింటర్‌కు వేసే ప్లాస్టిక్ తీగలో మూడో వంతు జిగ్‌లకే పోయినా దుబారా అనుకోనక్కర్లేదు.

ఫ్లోట్

అమెరికా చిన్న విమానాల ధ్రువీకరణ నిబంధనల్లో చాలాకాలం నిలిచిన సూత్రం ఒకటుంది: ప్రధాన ఫ్లోట్ ఏదైనా తన వాటా బరువును మంచినీటిలో మోయడానికి కావాల్సినదాని కన్నా 80 శాతం ఎక్కువ తేలే శక్తి కలిగి ఉండాలి. కనీసం నాలుగు నీళ్లు చొరని గదులు ఉండాలి, వాటిలో ఏ రెండు నిండినా బోల్తా పడకూడదు. బీవర్‌కు పెట్టిన ఈడీఓ కంపెనీ 4580 ఫ్లోట్ పేరులోని అంకె అది పక్కకు నెట్టగల నీటి బరువును పౌండ్లలో చెబుతుంది. రెండు కలిపి 9,160 పౌండ్లు. 5,090తో భాగిస్తే సరిగ్గా 1.8.

అయిదో వంతులో ఆ ఒక్కో ఫ్లోట్ 16.6 లీటర్లు అవుతుంది. 10.7 కిలోల మోడల్ కింద రెండూ కలిసి మూడు రెట్లకు పైగా తేలే శక్తినిస్తాయి. మంచిదే, కానీ విమానం అసలుదానికన్నా ఎత్తులో తేలుతుంది. ఫొటోలో చూస్తే ఖాళీ డబ్బాల మీద నిలబడ్డట్టు ఉంటుంది. కొందరు ఫ్లోట్ లోతు కొంచెం తగ్గిస్తారు. ఆ పని చేసేవాళ్లు ముక్కు భాగంలో మాత్రం తగ్గించకూడదు. దిగేటప్పుడు ముందుకు కూలబడకుండా కాపాడేది ముక్కులోని ఘనపరిమాణమే. పొడవు ఫ్యూజ్‌లాజ్‌లో 75 నుంచి 80 శాతం అని వాడుక లెక్క. ఇక్కడ 1.45 మీటర్లు అనుకుందాం. వెడల్పు 150 మిల్లీమీటర్లు. ముక్కు ప్రొపెల్లర్ కన్నా ముందుకు పొడుచుకు రావాలి, లేకపోతే అడుగు నుంచి లేచిన తుంపర నేరుగా ప్రొపెల్లర్‌లోకి వెళ్తుంది.

అడుగు భాగం ఆకారమే ఫ్లోట్ ప్రాణం. ముందు సగంలో కీల్ (అడుగు మధ్యలో పొడవునా సాగే వెన్ను అంచు) దాదాపు తిన్నగా సాగి, ఒక చోట మెట్టులా తెగిపోవాలి. దాన్నే స్టెప్ అంటారు. వేగం పెరిగినప్పుడు నీరు ఆ తెగిన అంచు దగ్గర ఫ్లోట్‌ను వదిలేస్తుంది, వెనక సగం గాల్లోకి వస్తుంది. స్టెప్ లేకపోతే నీరు వంపు వెంట పాకుతూ తోకను కిందికి పీలుస్తుంది, ఎంత శక్తి ఇచ్చినా విమానం పడవలాగే ఉంటుంది. లోతు వెడల్పులో 8 నుంచి 10 శాతం, అంటే ఇక్కడ 12 నుంచి 15 మిల్లీమీటర్లు. అసలు విమానాలకు నిష్పత్తిలో అంతకన్నా తక్కువ చాలు. నీళ్లు మాత్రం మనతో పాటు చిన్నవి కావు, తలతన్యత అంతే ఉంటుంది, అందుకే మోడల్‌లో స్టెప్‌ను కాస్త అతిగా చేయడమే మేలు. స్టెప్ అంచు కత్తిలా పదునుగా ఉండాలి. నున్నగా రుద్దేసిన గుండ్రటి అంచు స్టెప్ లేనట్టే లెక్క. ప్రింట్ ఎంత పదునుగా వచ్చినా, ప్రైమర్, శాండ్‌పేపర్ కలిసి దాన్ని గుండ్రం చేసేస్తాయి.

స్టెప్ వెనక కీల్ 6 నుంచి 8 డిగ్రీలు పైకి ఎక్కాలి. లేచేటప్పుడు ముక్కు ఎత్తడానికి ఆ జాగా అవసరం. అడుగు వి ఆకారం కోణం ఒక్కో వైపు 20 డిగ్రీల ప్రాంతం. చదును అడుగు త్వరగా పైకెక్కుతుంది గానీ ప్రతి అలకూ ఎగిరెగిరి పడుతుంది. పక్క అంచుల కింద 3, 4 మిల్లీమీటర్ల పెదవి ఉంటే తుంపరను పక్కకు, కిందికి కొడుతుంది. ఈ చిన్న పెదవి ప్రింటర్‌కు ఉచితంగా వచ్చే పని, చెక్కలో ఇది తలనొప్పి.

స్టెప్ ఎక్కడ ఉండాలన్నది గరిమనాభిని బట్టి తేలుతుంది. గరిమనాభి రెక్క ముందంచు నుంచి 25 నుంచి 30 శాతం వెనక, అంటే 80 నుంచి 95 మిల్లీమీటర్ల మధ్య. అక్కడి నుంచి నిలువుగా కిందికి గీత గీస్తే, స్టెప్ ఆ గీతకు కొద్దిగా వెనక ఉండాలి. ఈ కొలతలో 12 నుంచి 30 మిల్లీమీటర్లు. గీతకు ముందుంటే విమానం స్టెప్ మీద నిలవలేక తోక మీద వాలిపోతుంది. మరీ వెనక ఉంటే ముక్కు ఎత్తడానికి ఎలివేటర్ (తోకలో పైకీ కిందికీ కదిలే పలక) శక్తి చాలదు, నీళ్ల మీదే పరిగెత్తుతూ ఉంటుంది. కాబట్టి ఫ్లోట్లను బిగించే పలకల్లో రంధ్రాలను గుండ్రంగా కాకుండా 20 మిల్లీమీటర్ల పొడవు గాళ్లుగా చేస్తే తర్వాత ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. కొలను గట్టున రంపం బయటికి తీసే అవసరం తప్పుతుంది.

కోణం కూడా ముఖ్యం. ఫ్లోట్ పైతలం నీటికి సమాంతరంగా ఉన్నప్పుడు రెక్క 2 నుంచి 3 డిగ్రీలు ముక్కెత్తి ఉండాలి. రెండు ఫ్లోట్ల మధ్య దూరం రెక్కల విస్తారంలో 20 నుంచి 25 శాతం, ఇక్కడ సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు.

ఇక దేనితో కట్టాలి? ఒక్కో ఫ్లోట్ ఉపరితలం 0.6 చదరపు మీటర్ల ప్రాంతం. మామూలు పీఎల్‌ఏను 0.8 మిల్లీమీటర్ల మందంతో ప్రింట్ చేస్తే చర్మమే 600 గ్రాములు, జతకు 1.2 కిలోలు. అడ్డుగోడలు, కమ్ములు, రంగు కలిస్తే పద్దులోని 1.9 కిలోలు దాటిపోవడం ఖాయం. పొంగే పీఎల్‌ఏ అయితే అదే మందంలో 265 గ్రాములు, అడ్డుగోడలతో 380. ఘనపు మీటరుకు 30 కిలోలుండే స్టైరిన్ ఫోమ్ దిమ్మను వేడి తీగతో కోసి, గాజు బట్ట అంటిస్తే ఆరు వందల దగ్గర తేలుతుంది, లోపల తొలిస్తే 350కి దిగుతుంది. అంటే తూకంలో పొంగే పీఎల్‌ఏ, తొలిచిన ఫోమ్ దాదాపు సమానం. ఫోమ్‌కు ఒక గుణం ఎక్కువ: పగిలినా మునగదు. ప్రింట్‌కు వేరే గుణం: కుడి ఎడమ ఫ్లోట్లు అచ్చుగుద్దినట్టు ఒక్కలా వస్తాయి, బిగింపు గూళ్లు గీసిన చోటే ఉంటాయి. రాళ్లు, మొద్దులు తేలే చోట ఎగరేసేవాళ్లకు ఫోమే మేలు. ప్రింట్ చేసిన ఫ్లోట్ ముక్కు గదిలో ఫోమ్ ముక్కలు కుక్కడం మధ్యే మార్గం, దానికి పట్టే బరువు 50 గ్రాములు కూడా ఉండదు.

ప్రింట్ చేయడం, అతికించడం

పొంగే పీఎల్‌ఏకు ప్రతి రీలుకూ ముందు పరీక్ష తప్పదు. 0.4 మిల్లీమీటర్ల ఒంటి గోడతో చిన్న డబ్బాలను 200 నుంచి 260 డిగ్రీల వరకు అయిదేసి డిగ్రీల తేడాతో ప్రింట్ చేసి, గోడ మందాన్ని వెర్నియర్‌తో కొలవాలి. ఎక్కడ ఎక్కువగా పొంగిందో అదే ఉష్ణోగ్రత. గోడ 0.8 వచ్చిందంటే పదార్థం రెట్టింపు పొంగింది, అప్పుడు 0.4 గోడకు ఫ్లో (కార్చే ప్లాస్టిక్ పరిమాణం) 50 శాతానికి దించాలి. పొంగు నోజిల్‌లో ఆగకుండా సాగుతూనే ఉంటుంది కాబట్టి వెనక్కి లాగే రిట్రాక్షన్ పనిచేయదు, ఖాళీ జాగా దాటిన ప్రతిసారీ దారాలు కారతాయి. అందుకే భాగాన్ని గీసేటప్పుడే నోజిల్ గీత తెగకుండా చుట్టూ తిరిగేలా ఆలోచించాలి. లోపలి పక్కటెముకలు కూడా బయటి గోడ నుంచి మొదలై మళ్లీ అదే గోడలో కలిసే ఒకే గీతగా ఉండాలి. తడి పట్టిన రీలు బుడగలు కక్కుతుంది. 45, 50 డిగ్రీల దగ్గర అయిదారు గంటలు ఆరబెట్టి వాడితే సగం గొడవలు పోతాయి.

ఒక్కో ఫ్లోట్ 240 మిల్లీమీటర్ల చొప్పున ఆరేడు ముక్కలవుతుంది, నిలువుగా నిలబెట్టి ప్రింట్ చేయాలి. 0.25 మిల్లీమీటర్ల పొరతో 0.6 చదరపు మీటర్లకు నోజిల్ 2,400 మీటర్లు నడవాలి. సెకనుకు 40 మిల్లీమీటర్ల వేగంతో అది 17 గంటలు, ఒక గోడకే. రెండు ఫ్లోట్లకు, రెండు గోడలకు లెక్కేస్తే దాదాపు మూడు పగళ్లు మూడు రాత్రులు. పొర మొదలయ్యే చోట పడే నిలువు మచ్చను పైతలం మధ్యకు పంపాలి, కీల్ మీద పడనివ్వకూడదు. ఆ గీత వెంటే గోడలు ముందు చిట్లుతాయి.

నిలువుగా ప్రింట్ చేసిన ముక్కల పొరలు ఫ్లోట్ పొడవుకు అడ్డంగా ఉంటాయి. అంటే వంచితే తెగే దిశ సరిగ్గా ఫ్లోట్ వంగే దిశే. దీనికి మందు పొడవునా సాగే కార్బన్ కమ్మీలు: కీల్ లోపల ఒక 4 మిల్లీమీటర్లది, పై అంచుల్లో రెండు 3 మిల్లీమీటర్లవి. ప్రతి ముక్కలో వాటికి గొట్టంలాంటి దారి ముందే గీసుకోవాలి. ముక్కలు కలిసే చోట 8 మిల్లీమీటర్ల లోపలి నాలుక, 120 నంబరు శాండ్‌పేపర్‌తో గరుకు చేసి, అరగంటలో బిగుసుకునే ఎపాక్సీ జిగురు. అయిదు నిమిషాల ఎపాక్సీతో ఏడు ముక్కలు తిన్నగా పేర్చడం ఆశావాదుల పని. అల్యూమినియం ఎల్ పట్టీలో పడుకోబెట్టి, రెండు ముక్కలు చొప్పున అతికించి, ఆరాక జతలను కలపాలి. అతుకు ప్రతిదాని దగ్గరా ఒక అడ్డుగోడ వచ్చేలా చూస్తే గదులు వాటంతటవే ఏర్పడతాయి.

కమ్ములు బిగించే చోట్ల ప్లాస్టిక్‌ను నమ్మకూడదు. లోపల 6 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ దిమ్మ ఎపాక్సీతో పెట్టి, అది రెండు అడ్డుగోడలను తాకేలా చేయాలి. నిలువు కమ్ములు ఉక్కు తీగ గానీ అల్యూమినియం గొట్టం గానీ, వాటి మీద ప్రింట్ చేసిన కన్నీటి బొట్టు ఆకారపు తొడుగు. ముందూ వెనకా కమ్ములు, మధ్యలో అడ్డ కడ్డీలు పెట్టినంత మాత్రాన గట్టితనం రాదు. పక్క నుంచి చూసినా, ముందు నుంచి చూసినా ఒక్కో ఏటవాలు కడ్డీ గానీ బిగించిన తీగ గానీ ఉండాలి. అది లేని చతురస్రం మొదటి గట్టి దిగుడికే ఏటవాలుగా మడుచుకుపోతుంది.

నీరు, ఎండ, గాలి

ఫిలమెంట్ గోడ కంటికి నిండుగా కనిపించినా నీటికి జల్లెడే. పొరల మధ్య సూది మొన కన్నా సన్నని దారులుంటాయి, పొంగిన పదార్థం అయితే స్పాంజిలా పీలుస్తుంది. బయట చదరపు మీటరుకు 25 గ్రాముల గాజు బట్టను పలచని ఎపాక్సీతో అంటించడం నమ్మదగిన పద్ధతి. ఫ్లోట్‌కు 40 గ్రాముల దాకా పెరుగుతుంది, బదులుగా గోడ గట్టితనం కూడా వస్తుంది. స్టెప్, కీల్, ముక్కు అడుగున రెండు పొరలు. కేవలం రంగు కొట్టి వదిలేస్తే మొదటి సీజన్‌లోనే గీతలు పడి కారడం మొదలవుతుంది.

చాలామంది ఊహించని గొడవ ఇంకొకటుంది. గాలి చొరకుండా మూసిన ఫ్లోట్ 20 డిగ్రీల నుంచి ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కితే లోపలి పీడనం దాదాపు 14 శాతం పెరుగుతుంది. చదరపు సెంటీమీటరుకు 140 గ్రాముల బలం. 15 బై 20 సెంటీమీటర్ల పైతలం మీద అది 42 కిలోల తోపు. చదును పలకలు ఉబ్బుతాయి, అతుకులు విడుతాయి. ఆ వేడి ఫ్లోట్‌ను చల్లటి నీళ్లలో పెడితే ఇప్పుడు లోపల గాలి కుంచించుకుని, దొరికిన ప్రతి సన్న రంధ్రం గుండా నీళ్లు పీలుస్తుంది. ఎండలో ఆరబెట్టిన ఫ్లోట్లే ఎక్కువ కారతాయని అనిపించడానికి కారణం ఇదే. ప్రతి గదికీ పైతలం మీద ఒక చిన్న రంధ్రం, దానికి రబ్బరు బిరడా ఉండాలి. గట్టున ఉన్నంతసేపూ బిరడాలు తీసి ఉంచాలి, నీళ్లలో పెట్టేముందే మూయాలి.

వేడి గురించే ఇంకో మాట. పీఎల్‌ఏ 55, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ముదురు రంగు వేస్తే ఎండలో ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఫ్లోట్లు తెల్లగానో లేత పసుపుగానో ఉండడం అందం కోసం కాదు. కౌలింగ్, మోటార్ దగ్గరి భాగాలకు వంద డిగ్రీల దాకా ఆగే ఏఎస్‌ఏ వాడాలి. మోటార్‌ను పట్టుకునే పలక మాత్రం ప్లైవుడ్ లేదా అల్యూమినియం, అందులో రాజీ లేదు.

కారిన నీళ్లు ఎంత చేటు చేస్తాయో లెక్క చూడొచ్చు. 200 మిల్లీలీటర్ల నీరు, అంటే ఒక గ్లాసు, ఫ్లోట్ వెనక గదిలో గరిమనాభికి 600 మిల్లీమీటర్ల వెనక చేరిందనుకుందాం. గరిమనాభి 11 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది, రెక్క వెడల్పులో మూడున్నర శాతం. 30 శాతం దగ్గర సర్దిన విమానం 33 దాటుతుంది. అడ్డుగోడలు లేకపోతే ముక్కెత్తగానే ముందున్న నీళ్లు కూడా తోక వైపు పరిగెత్తుతాయి, విమానం ఇంకా ముక్కెత్తుతుంది. నీటి మీంచి లేచిన మూడో సెకనులో నిటారుగా నిలిచి కూలే మోడళ్లలో చాలావాటికి రేడియో తప్పు కాదు, ఈ గ్లాసుడు నీళ్లే.

శక్తి విషయంలో కిలోకు 280 నుంచి 330 వాట్లు ఉండాలి. 12 సెల్స్ లిథియం పాలిమర్ బ్యాటరీ, 180 కేవీ మోటార్ (ఇక్కడ కేవీ అంటే వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు), 22 బై 10 అంగుళాల ప్రొపెల్లర్ కలిస్తే సుమారు 3 కిలోవాట్లు, 65, 70 ఆంపియర్లు. కంట్రోలర్ 100 నుంచి 120 ఆంపియర్లది తీసుకోవాలి. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో 80 శాతం వాడితే నెమ్మదైన ఎగురుడికి తొమ్మిది పది నిమిషాలు. రిసీవర్, కంట్రోలర్ ఫ్యూజ్‌లాజ్ అడుగున కాకుండా పక్క గోడకు ఎత్తులో ఉండాలి. నీటి చుక్కానికి ఫ్లోట్‌లోనే సర్వో పెడితే అది నీళ్లు చొరని రకం అయి ఉండాలి, తోక చుక్కానికి తీగతో కలిపితే ఆ బాధ తప్పుతుంది. ఫ్లోట్ల ముక్కులు గాల్లో విమానాన్ని పక్కకు తిప్పేయాలని చూస్తాయి. అసలు బీవర్‌కే ఫ్లోట్లు పెట్టినప్పుడు తోక కింద అదనపు ఫిన్ వచ్చింది. మోడల్‌లోనూ దాన్ని వదిలేయకూడదు.

నీళ్ల మీద తొలి పరీక్షలు

ముందు ఎగరనక్కర్లేదు. గాలి లేని వేళ తేలనిచ్చి పక్క నుంచి చూస్తే ముక్కు ఒకటి రెండు డిగ్రీలు ఎత్తి ఉండాలి, ఫ్లోట్ వెనక కొస పైతలం నీటి మీద కనిపించాలి. ఆ తర్వాత సగం శక్తితో పరుగులు, ప్రతి రెండు పరుగులకూ బయటికి తీసి బిరడాలు విప్పి నీళ్లు చూసుకోవాలి. అలల ఎత్తునూ స్కేలులోనే చూడాలి: పది సెంటీమీటర్ల అల ఈ విమానానికి అర మీటరు అల.

లేచే పద్ధతి అందరికీ తెలిసిందే: మొదట ఎలివేటర్ పైకి లాగి పట్టి శక్తి పెంచాలి, ముక్కు ఎత్తి మూపురం (నీటి అడ్డు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే దశ) దాటాక వదిలేయాలి, స్టెప్ మీద పరిగెత్తనిచ్చి మెల్లగా లేపాలి. లాగి పట్టిన చెయ్యి వదలకపోవడమే ఎక్కువమంది చేసే తప్పు. ఫ్లోట్ వెనక భాగం నీళ్లలో ఈడుస్తూ ఉంటుంది, వేగం పెరగదు.

పరుగులో విమానం డాల్ఫిన్‌లా ఊగడం మొదలైతే శక్తి తగ్గించేసి కారణం వెతకాలి. ఊపు తక్కువ వేగంలో, ముక్కు దిగినప్పుడు వస్తే ఫ్లోట్ కోణం చాలలేదు, ముందు బిగింపు కింద 2 మిల్లీమీటర్ల పలక పెట్టి చూడాలి. ఎక్కువ వేగంలో, ముక్కెత్తినప్పుడు వస్తే తోక వైపు అడుగు నీటిని తాకుతోంది, ఎలివేటర్ ఎక్కువైందా, గరిమనాభి వెనక ఉందా అన్నది ముందు చూసి, అప్పుడు స్టెప్ జరపాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నీళ్లు పక్కకు కాకుండా ప్రొపెల్లర్ వైపు ఎగసిపడుతుంటే అంచు కింది పెదవిని రెండు మిల్లీమీటర్లు పెంచాలి, దానికి కొత్త ఫ్లోట్ అక్కర్లేదు, పలచని పట్టీ ప్రింట్ చేసి అతికిస్తే సరిపోతుంది. మలుపు తిరిగేటప్పుడు గాలికి అడ్డంగా వచ్చి బయటి రెక్క దిగితే ఆ వైపు ఎయిలరాన్‌తో (రెక్క వెనుకంచున కదిలే పలకతో) రెక్కను ఎత్తి, శక్తి తగ్గించాలి. శక్తి పెంచి తప్పించుకోవాలని చూస్తే రెక్క కొస నీళ్లలో కూరుకుపోతుంది.

ఫ్లోట్లను తొలిసారి నీళ్లలో దించే ముందు ఒక్కోదాన్ని గ్రాముల్లో తూచి, ఆ అంకెను పైతలం మీద పెన్సిల్‌తో రాసి ఉంచుకోవాలి. రోజు ముగిశాక తుడిచి, బిరడాలు విప్పి, గదుల్లోని నీళ్లు వంపేసి మళ్లీ తూచాలి. 20 గ్రాములు పెరిగాయంటే నీళ్లు గోడలోకి ఇంకుతున్నాయి. సబ్బు నీళ్లు పూసి, బిరడా రంధ్రంలోంచి నోటితో మెల్లగా ఊదితే బుడగ ఎక్కడ లేస్తుందో కనిపిస్తుంది. రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, తూకం పాత అంకెకు వచ్చాకే ఆ చోట ఎపాక్సీ పూయాలి. తడిసిన గోడ మీద పూసిన ఎపాక్సీ పట్టినట్టే ఉంటుంది, తర్వాతి ఎండకు పొరలా లేచివస్తుంది.